అమ్మ పిడికిలి, అందాల సూది

మా అమ్మ కుడిచెయ్యి రెండేళ్ల పాటు మూసుకునే ఉంది. పక్షవాతం వచ్చిన మూడు నెలలకి వేళ్లు ఒక్కొక్కటే లోపలికి ముడుచుకున్నాయి. బొటనవేలు వాటి కింద ఇరుక్కుపోయింది. రోజూ స్నానం దగ్గర ఆ పిడికిలి విప్పడమే మా ఇంట్లో పెద్ద పని. వేళ్లు పట్టుకుని లాగితే రావు, ఇంకా బిగుసుకుంటాయి. ముందు మణికట్టుని లోపలికి వంచి పట్టుకోవాలి. అప్పుడు వేళ్లు కాస్త వదులవుతాయి. ఆ సందులోంచి తడిగుడ్డ దూర్చి తుడవాలి. ఎంత తుడిచినా అరచేతిలో చెమ్మ ఆరదు, పిండకుండా మూలన పడేసిన గుడ్డ వాసన వచ్చేది. ఒకరోజు తుడిచిన గుడ్డకి నెత్తురు అంటింది. చూస్తే మధ్యవేలి గోరు అరచేతిలోకి దిగి పుండు పడింది. ఎన్నాళ్ల నుంచి ఉందో తెలీదు. ఆ చేతికి స్పర్శ తక్కువ, అమ్మకి నొప్పి తెలియలేదు.

అది లేసు అల్లిన చెయ్యి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఎప్పుడో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిపోయిన అల్లిక మా ఊళ్లలో ఇంటింటా అరుగు మీదికి చేరింది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన ముక్క తూచి తీసుకునేవాడు. మధ్యాహ్నం వంట సర్దేశాక అమ్మ అరుగెక్కితే దీపాల వేళకి గాని లేచేది కాదు. నా డిగ్రీ ఫీజులు ఆ సూది మీదే కట్టింది. 2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చిందని పేపర్లో చదివి వినిపిస్తే, ఎడమచేత్తో కుడి చెయ్యిని ఒళ్లోకి తీసుకుని నిమురుతూ వింది.

అప్పటికి ఆ చెయ్యి విచ్చుకుని ఏడాది దాటింది. విప్పిన మందు బొటాక్స్. అవును, సినిమావాళ్లు ముడతలు పోవడానికి వేయించుకుంటారని మనందరం చెప్పుకునే సూదే. ఆ మందు మా జిల్లాలో అందాల క్లినిక్కుల బోర్డుల మీదికి ముందొచ్చింది, పక్షవాతం వచ్చిన వాళ్ల ఇళ్లలోకి మాత్రం ఆ పేరు కూడా రాలేదు. నాకు కోపం ఆ క్లినిక్కుల మీద కాదు. ఆ పేరు మాకు చెప్పాల్సిన చోట ఎవరూ చెప్పలేదు, దాని మీద. రెండేళ్లు పోయాయి. ఇంకొకరింట్లో పోకూడదని రాస్తున్నాను.

అసలు మనం ఎక్కడ తప్పిపోతున్నామో నాకు తర్వాత అర్థమైంది. మన దగ్గర అన్నిటికీ ఒకటే మాట: నరం. సెలైన్ ఎక్కించడానికి సూది గుచ్చేది నరానికే. కాళ్లు తిమ్మిరెక్కితే నరాల బలహీనత. మెడ పట్టేస్తే నరం ఎక్కింది. పక్షవాతం వస్తే నరాలు చచ్చుబడ్డాయి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. రక్తనాళం వేరు, నాడి వేరు, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయుబంధనం వేరు అని పదో తరగతి పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదాన్ని. ఇంటికొచ్చి మాత్రం అందరిలాగే అమ్మకి నరాలు చచ్చుబడ్డాయనే అన్నాను. ఆ మాట అన్నాక ఇంక చెయ్యడానికి ఏమీ మిగలదు. చచ్చుబడినదానికి ఏం వైద్యం ఉంటుంది?

నిజానికి అమ్మకి జరిగింది మూడు. మొదట మెదడుకి నెత్తురు తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడింది. దానివల్ల మెదడులో చేతిని నడిపే భాగం దెబ్బతింది. కొన్ని వారాల తర్వాత, పై నుంచి అదుపు లేక, చేతి కండరాలు వాటంతటవే బిగుసుకోవడం మొదలైంది. మొదటిదానికి గంటల్లో వైద్యం ఉంది. మూడోదానికి నెలలు గడిచాక కూడా ఉంది. ఒక్క మాటలో అన్నీ కలిపేసి రెండూ పోగొట్టుకున్నాం.

ఆ మొదటి గంటల సంగతి కూడా చెప్పాలి. అది 2021, సంక్రాంతి వెళ్లిన వారం. అమ్మ గోదావరి అవతల సఖినేటిపల్లిలో పిన్ని వాళ్లింట్లో ఉంది. ఉదయం ఆరింటికి కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది. మూతి ఒక పక్కకి లాగింది. వాతం కమ్మిందన్నారు. పక్కింటాయన పావురం కోసం పరుగెత్తాడు, వేడి నెత్తురు పట్టిస్తే తిరుగుతుందని. ఆయన మీద నాకు కోపం లేదు, తనకి తెలిసిన మేలు చెయ్యబోయాడు. పావురం దొరికి, నెత్తురు పట్టించి, చూద్దాం చూద్దామని తొమ్మిదిన్నర చేశారు. నాకు ఫోన్ అప్పుడొచ్చింది. రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి రావాలంటే కారు కావాలి, అది దొరకలేదు. పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కించారు. వాళ్లు రేవుకి వచ్చేసరికి పంటు నరసాపురం ఒడ్డున ఉంది. నేను ఇవతల నరసాపురం రేవులో నిలబడి, ఆ పంటు మళ్లీ ఇటు తిరిగే వరకు నీళ్లకేసి చూస్తూ ఉన్నాను. స్కాన్ తీసే చోటికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది.

గడ్డని కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. మాకు ఆ గడువు పదిన్నరకే అయిపోయింది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అమెరికన్ వైద్యుడు లెక్కకట్టాడు. ఈ అంకె చదివాక పంటు కోసం నిలబడ్డ ఆ కాసేపూ నాకు గుర్తొస్తూనే ఉంటుంది. గోదావరి జిల్లాల వాళ్లకి ఇది తేలిగ్గా అర్థం కావాలి. శివారు చేలకి నీళ్లు అందకపోతే మనం చేనుకి మందు కొట్టం. కాలవ గట్టు పట్టుకుని పైకి వెళ్లి గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడిందో చూస్తాం. అదీ నాట్లు ఎండిపోకముందే చూస్తాం. మెదడు విషయంలో ఆ తొందర మనకింకా అలవాటు కాలేదు.

గడ్డ ఊరికే పడదు. రక్తనాళం లోపల ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుంది. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు ధమని ముక్కల మీద ప్రయోగం చేసి, ఆ పొర ఉంటేనే నాళం వదులవుతుందని, గీకేస్తే బిగుసుకునే ఉంటుందని చూపించాడు. ఆ పొర నుంచి వచ్చేది నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. 1998లో ఆయనతో కలిపి ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. బీపీ, షుగరు, పొగ ముందు పాడుచేసేది ఆ పొరనే. అమ్మ బీపీ మాత్ర వేసుకునేది. నార్మల్ వచ్చిందిగా అని పండగ ముందు మానేసింది. మాత్ర వేసుకోబట్టే నార్మల్ వచ్చిందని ఎవరం గట్టిగా చెప్పలేదు.

రక్తనాళం తెగితే కుట్టొచ్చని ప్రపంచానికి నేర్పిన మనిషి కథ అమ్మకి చెప్పినప్పుడు చాలా శ్రద్ధగా వింది. 1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాడీ కార్నోని లియోన్ నగరంలో కత్తితో పొడిచారు. కాలేయానికి వెళ్లే పెద్ద సిర తెగింది. దాన్ని కుట్టడం ఎవరికీ రాక ఆయన చనిపోయాడు. అదే ఊళ్లో వైద్యం చదువుకుంటున్న అలెక్సిస్ కారెల్‌కి ఇది మనసులో పడిపోయింది. లియోన్ పట్టు నేతకి పేరున్న ఊరు. కారెల్ అక్కడ ఎంబ్రాయిడరీ చేసే ఒకావిడ దగ్గరికి వెళ్లి సన్నని సూదితో కుట్టడం నేర్చుకున్నాడు. గుండ్రటి నాళం అంచుకి మూడు చోట్ల దారం వేసి లాగితే అది త్రికోణం అవుతుంది, అప్పుడు ఒక్కో పక్కనీ తిన్నగా కుట్టుకుంటూ పోవచ్చు. 1902లో ఈ పద్ధతి ప్రకటించాడు, 1912లో నోబెల్ వచ్చింది. మనుషుల మంచిచెడ్డల గురించి ఆయన తర్వాతి రోజుల్లో చెప్పిన మాటలు కొన్ని నేను ఒప్పుకోలేనివి. అయినా ఇవాళ బైపాస్ చేసినా, డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరకి కలిపినా, ఆ కుట్టుకి మూలం అక్కడే ఉంది.

అమ్మ అంతా విని ఒకటే అడిగింది. మాట ఇంకా కొంచెం ముద్దగా వస్తుంది. "సూది సన్నంగా ఉంటే చాలదే. దారం లోపల ఒరుసుకుంటే?" కారెల్ పట్టుదారానికి వ్యాజలీన్ రాసేవాడు, లోపల గరుకు తగిలి నెత్తురు గడ్డకట్టకుండా. నలభై ఏళ్లు అల్లిక పని చేసిన మనిషికి ఆ ప్రశ్న వెంటనే తట్టింది.

ఇక బొటాక్స్ మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెబుతాను. 2023లో మా అన్నయ్య కూతురి పెళ్లి కుదిరింది. భీమవరం బట్టల కోసం వెళ్లినప్పుడు పార్లరు బోర్డు మీద హెయిర్ బొటాక్స్ అని చూసి నేను భయపడ్డాను. పిల్ల నవ్వి, "అత్తా, అది జుట్టుకి రాసేది, పేరే అలా పెట్టుకున్నారు. అసలు బొటాక్స్ డాక్టర్లు సూదితో వేస్తారు, కండరం వదులవుతుందంట" అంది. రెండు అడుగులు వేసి ఆగింది. "మరి నాన్నమ్మ చేతికి వెయ్యరా?"

నేను నడిబజార్లో నిలబడిపోయాను. రెండేళ్లలో ఎంతమంది డాక్టర్లని కలిశామో, ఒక్కరి నోటా ఆ ప్రశ్న రాలేదు. మొదట చేర్చిన పెద్ద ప్రైవేటు ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఏడు రకాల మాత్రలు ఉన్నాయి, ఫిజియోథెరపీ అని ఒక్క మాట ఉంది. చెయ్యి ముందు ముందు బిగుసుకోవచ్చని గాని, బిగుసుకుంటే మళ్లీ రమ్మని గాని లేదు. రీల్స్ చూసి పాడైపోతున్నారని మనం తిట్టే వయసు పిల్ల, పెళ్లి షాపింగు మధ్యలో అడిగింది.

ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాను. బొటాక్స్ అంటే బ్యాక్టీరియా తయారుచేసే విషం. మనిషికి తెలిసిన అత్యంత తీవ్రమైన విషాల్లో ఒకటి. 1820 ప్రాంతంలో యూస్టినస్ కెర్నర్ అనే జర్మన్ వైద్యుడు (ఆయన కవి కూడా) చెడిపోయిన సాసేజీలు తిని చనిపోయిన వాళ్ల లక్షణాలు వివరంగా రాశాడు. నాడులు అతిగా రేగిన రోగాలకి ఈ విషాన్నే మందుగా వాడొచ్చేమోనని అప్పుడే ఊహించాడు. 1895 డిసెంబరులో బెల్జియంలో ఎల్లెజెల్ అనే ఊళ్లో అంత్యక్రియలకి వాయించడానికి వచ్చిన బ్యాండువాళ్లు పంది మాంసం తిని పడిపోయారు, ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఆ మాంసంలోంచి బ్యాక్టీరియాని పట్టుకున్నాడు.

మందుగా మార్చింది శాన్‌ఫ్రాన్సిస్కో కళ్ల డాక్టరు ఆలన్ స్కాట్. ఆయన చూసేది మెల్లకన్ను. కంటిని ఒక పక్కకి లాగేస్తున్న కండరాన్ని కత్తి పెట్టకుండా కాస్త వదులు చెయ్యాలని ఆయన పట్టుదల. 1970ల్లో కోతుల మీద, తర్వాత మనుషుల మీద పరీక్షించాడు. 1989 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది, మెల్లకంటికి, ఆగకుండా కొట్టుకునే రెప్పలకి. ముడతల ఊసే లేదు. వాంకూవర్‌లో జీన్ కారుథర్స్ అనే కళ్ల డాక్టరు 1987లో ఒక పేషెంటుకి రెప్పల కోసం ఈ సూది వేస్తుంటే, కనుబొమల మధ్య వేసినప్పుడు నా ముఖం ప్రశాంతంగా ఉంటోంది, అక్కడా వెయ్యమని ఆవిడ అడిగింది. జీన్ భర్త ఆలస్టేర్ చర్మవైద్యుడు. ఇద్దరూ కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించారు. అందాల సూది అలా పుట్టింది, ఒక పేషెంటు మాటని డాక్టరు చెవిన పెట్టడం వల్ల.

ఇక్కడ నన్ను ఆపేసిన సంవత్సరం 2002. ఆ ఏప్రిల్లో అమెరికా ప్రభుత్వం కనుబొమల మధ్య గీతలకి ఈ మందుని అనుమతించింది. అదే ఏడాది ఆగస్టులో, పక్షవాతం తర్వాత మణికట్టు, వేళ్లు బిగిసిన 126 మంది మీద చేసిన పరీక్ష పేరున్న వైద్య పత్రికలో వచ్చింది. మందు పనిచేసింది. శుభ్రం చేసుకోవడం, బట్టలు తొడుక్కోవడం తేలికయింది. కానీ బిగిసిన చేతికి అక్కడ అనుమతి వచ్చింది 2010లో. ముఖానికీ చేతికీ మధ్య 8 ఏళ్లు. అక్కడే అంత తేడా ఉంటే, నరసాపురం దాకా వచ్చేసరికి ఆ తేడా ఎంత పెరుగుతుందో ఆలోచించండి.

మందు చేసే పని మా పొలం భాషలో చెబుతాను. మెదడు నుంచి ఆజ్ఞ నాడి వెంట కాలవలో నీళ్లలా వస్తుంది. కండరం చేను. రెండిటి మధ్య తూము లాంటి చోట అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతేనే కండరం బిగుస్తుంది. ఆ రసాయనాన్ని బయటికి పంపడానికి స్నాప్-25 అనే ప్రొటీన్ కావాలి. ఈ విషం వెళ్లి దాన్ని కత్తిరిస్తుంది. తూము మూసుకుంటుంది. కాలవ నిండా నీళ్లున్నా ఆ చేనుకి రావు. నాడి మూడు నాలుగు నెలల్లో మళ్లీ దారి చేసుకుంటుంది, పట్టు తిరిగొస్తుంది. అందుకే మళ్లీ మళ్లీ వెయ్యాలి.

విజయవాడలో ఒక నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా ఒకసారి, వేగంగా ఒకసారి చాపి చూశారు. "కీలు ఇంకా పట్టెయ్యలేదమ్మా, అదృష్టం. ఇంకొంత కాలం ఆగితే కండరమే కురచయిపోయేది. అప్పుడు ఈ సూది కూడా ఏం చెయ్యలేదు" అన్నారు. ముంజేతిలో సూది గుచ్చుతుంటే పక్కనున్న చిన్న మిషన్ గరగరలాడింది. బిగిసిన కండరంలో సూది ఉందనడానికి అది గుర్తట. నాలుగో రోజు చూపుడువేలు కాస్త లేచింది. పన్నెండో రోజు పొద్దున్న నేను మణికట్టు వంచకుండానే అరచెయ్యి తెరుచుకుంది. లోపల చర్మం ఉడికిన బియ్యప్పిండిలా తెల్లగా ఉంది. మేనకోడలు నెయిల్ కట్టరు తెచ్చి ఆ అయిదు గోళ్లూ ఒక్కొక్కటీ కత్తిరించింది. పుండు మూడు వారాల్లో మానింది.

అమ్మ లేసు అల్లలేదు. అల్లడం కుదరదని డాక్టరు ముందే చెప్పారు కూడా. ఈ మందు బిగుతు తీస్తుంది, పోయిన శక్తిని తేలేదు. సూది వేశాక రోజూ ఫిజియోథెరపీ చెయ్యకపోతే, రాత్రిళ్లు చెయ్యి చాపి ఉంచే స్ప్లింట్ కట్టకపోతే డబ్బు దండగే. ఆ డబ్బు కూడా తక్కువేం కాదు. కనుబొమల మధ్య గీతలకి పడేది 20 యూనిట్లు. బిగిసిన చేతికి 400 దాకా పట్టొచ్చు. సొంత డబ్బుతో ముఖానికి వేయించుకునే వాళ్లకి తక్కువ మందు చాలు. కూలి చేసుకుని బతికే ఇంట్లో పక్షవాతం వచ్చినవాళ్లకి అన్ని రెట్లు కావాలి. కొన్నాళ్లకి మళ్లీ కావాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ సీసా చేతి కోసం దొరకాలని నేను గట్టిగా అడిగేది ఇందుకే.

ముఖానికి వేయించుకునే ఆడవాళ్లని వెక్కిరించే వాళ్లతో నాకు పేచీ ఉంది. ఎవరి ముఖం వాళ్లిష్టం. పైగా ఆ వెక్కిరింతే మాకు నష్టం చేసింది. బొటాక్స్ అంటే డబ్బున్నవాళ్ల సోకు అని ముద్ర పడ్డాక, పక్షవాతం రోగికి ఆ మాట ఎత్తడానికి కూడా జనం మొహమాటపడతారు. మా అన్నయ్యే మొదట, "అమ్మకి బొటాక్సేంటే, ఊళ్లో నవ్వుతారు" అన్నాడు.

కాకపోతే వేయించుకునే వాళ్లకి ఒక మాట, ఇది కూడా రక్తనాళాల సంగతే. జనం అన్ని సూదుల్నీ బొటాక్స్ అనేస్తున్నారు. ఫిల్లర్ వేరు. అది కండరాన్ని వదులు చెయ్యదు, గుంటల్ని నింపే జెల్. ముక్కు మీద, కనుబొమల మధ్య ఉన్న సన్నని ధమనులు కంటి లోపలి ధమనులతో కలిసి ఉంటాయి. సూది మొన పొరపాటున ధమనిలో దిగితే, జెల్ ఒత్తిడికి వెనక్కి ప్రయాణించి కంటి నాళాన్ని మూసేస్తుంది. చూపు పోయిన వాళ్లున్నారు. చర్మం నల్లబడి చచ్చిపోయిన వాళ్లున్నారు. చాలా ఫిల్లర్లలో ఉండే హైలురోనిక్ యాసిడ్‌ని కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ వేసేవాళ్ల దగ్గర అది ఉండాలి, ఏం జరిగిందో వెంటనే గుర్తుపట్టాలి. బొటాక్స్‌తో కూడా మోతాదు మించినా, మందు పక్కకి పాకినా మింగడం, ఊపిరి తియ్యడం కష్టమయ్యే ప్రమాదం ఉంది. 2024లో అమెరికాలో నకిలీ మందు వేయించుకున్నవాళ్లు ఆస్పత్రుల పాలయ్యారు. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు, సీసా మన ముందు తెరవాల్సిన మందు. ముఖంలో ఏ నాళం ఎక్కడుందో చదువుకున్న డాక్టరు చెయ్యి తప్ప ఇంకే చెయ్యీ దాన్ని పట్టుకోకూడదు. పెళ్లి ముందు మా పిల్ల ఫిల్లర్ వేయించుకుంటానంటే నేను వద్దనలేదు, ఈ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసిచ్చి అడిగి రమ్మన్నాను. రెండో ప్రశ్నకే అక్కడి వాళ్లు విసుక్కున్నారట. తనే వచ్చేసింది.

మందు మారుమూల ఇంటి దాకా రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, రావడం కళ్లారా చూశాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. అక్కడ ఆయన నాయకత్వంలో వచ్చిన మందుల్లో బోదకాలుకి వాడే హెట్రజాన్ ఒకటి. బోదకాలు మా డెల్టా ప్రాంతపు రోగం. నా చిన్నప్పుడు ప్రతి వీధిలోనూ వాచిన కాళ్లతో ఎవరో ఒకరు ఉండేవారు. ఆ మందే మాత్రలుగా ఏటా మా గుమ్మం ముందుకొచ్చింది. ఆరోగ్య కార్యకర్త నిలబడి మింగించి, రిజిస్టర్లో టిక్కు పెట్టుకుని వెళ్లేది. అదే రిజిస్టర్లో ఇంకో ప్రశ్న చేర్చలేమా? ఇంట్లో పక్షవాతం వచ్చినవాళ్లున్నారా, చెయ్యి తెరుచుకుంటోందా? మూతి వంకరపోతే వాతం అని కూర్చోకుండా బండి ఎక్కించమని గోడ మీద రాయలేమా? పక్షవాతం రోగిని ఇంటికి పంపే కాగితంలో, చెయ్యి బిగుసుకుంటే ఫలానా చోటికి రండి అని ఒక వాక్యం రాయడానికి ఏ ఆస్పత్రికైనా ఎంత ఖర్చవుతుంది?

ఈ మధ్య సాయంత్రాలు పక్కింటి పిల్ల మా అరుగు మీదికొచ్చి అల్లిక నేర్చుకుంటోంది. అమ్మ కుడిచేతిని ఆ ముక్క మీద బరువుగా పెట్టి కదలకుండా పట్టుకుంటుంది, ఎడమచేత్తో ఎక్కడ ముడి తప్పిందో చూపిస్తుంది. పోయిన సారి సూదులు వేసి పదమూడు వారాలైంది. నిన్న రాత్రి స్ప్లింట్ కడుతుంటే బొటనవేలు మళ్లీ లోపలికి లాగుతోంది. పొద్దున్నే ఫోన్ చేశాను. గురువారం రమ్మన్నారు.